సముద్రం పాలు

జూలై నెలాఖరుకు మన పత్రికల్లో ఒక శీర్షిక తప్పకుండా వస్తుంది. ధవళేశ్వరం గేట్లన్నీ ఎత్తేశారనీ, ఇన్ని లక్షల క్యూసెక్కులు సముద్రం పాలవుతున్నాయనీ. ఏటా అంకె మారుతుంది, వాక్యం మారదు. సగటున 3 వేల టీఎంసీలు ఊరికే పోతున్నాయని లెక్కలు కట్టి మరీ బాధపడతాం. తెలుగులో 'పాలు'కు రెండర్థాలు: వాటా, క్షీరం. నేలపాలు, అగ్గిపాలు, సముద్రం పాలు అన్నప్పుడు మొదటి అర్థమే తీసుకుంటాం, అందులోనూ నష్టమే వింటాం. రెండో అర్థాన్ని పట్టుకుని కొంత దూరం వెనక్కి నడిస్తే దారి విచిత్రంగా మంచు కొండల్లోకి పోతుంది.

గోదావరికీ మంచుకూ ఏం చుట్టరికం అని ఎవరికైనా నవ్వొస్తుంది. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే ఈ నదికి నైరుతి వానే తల్లి. గంగకు గంగోత్రి ఉన్నట్టు మన దక్షిణ గంగకు నెత్తిన హిమానీనదమేమీ లేదు. ఏప్రిల్ నెలలో బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెలు బయటపడేది అందుకే.

కానీ ఒకప్పుడు ఉండేది. ఒకప్పుడంటే సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట. అప్పటికి గోదావరే పుట్టలేదు కనుక, ఇవాళ గోదావరి నీళ్ళు పారే నేల మీద అనడం న్యాయం. మన దేశం గోండ్వానా మహాఖండంలో ముక్కగా దక్షిణ ధ్రువం దాపున ఉన్న రోజులవి. 1856లో ఒడిశాలోని తాల్చేరు ప్రాంతంలో బొగ్గు పొరలు వెతుకుతున్న భూగర్భ శాస్త్రవేత్తలు బ్లాన్‌ఫోర్డ్ సోదరులు, థియోబాల్డ్ ఒక వింత చూశారు. మెత్తటి బురద రాయిలో మనిషంత బండలు అక్కడక్కడా ఇరుక్కుని ఉన్నాయి. బురద తేగలిగిన నీరు బండను తేలేదు, బండను తేగలిగిన వరద బురదను నిలవనివ్వదు. రెంటినీ ఒకే చోట వదిలిపోయేది మంచు ఒక్కటే. వడగాడ్పుల దేశంలో మంచు అన్న మాట వెంటనే మింగుడుపడేది కాదు. దాదాపు ఇరవై ఏళ్ళకు, 1875లో, చంద్రపూర్ వైపు పెన్‌గంగ ఒడ్డున ఇరాయి గ్రామం దగ్గర ఫెడెన్ అనే భూగర్భ సర్వే ఉద్యోగికి సాక్ష్యం దొరికింది. సున్నపురాయి బండ మీద దువ్వెనతో దువ్వినట్టు సమాంతరంగా గీతలు. మంచు నది తన అడుగున ఇరుక్కున్న రాళ్ళతో కింది బండను గీక్కుంటూ పోతే పడే గీతలవి. పెన్‌గంగ వార్ధాలో, వార్ధా ప్రాణహితలో, ప్రాణహిత గోదావరిలో కలుస్తాయి. అంటే ఆ గీతల్ని కడిగిన వాననీరు ఇప్పటికీ రాజమండ్రి మీదుగానే పోతోంది. ఆ మంచు కరిగి వెనక్కి పోయాక పెరిగిన అడవులే బొగ్గయ్యాయి. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ కనిపెట్టిన సింగరేణి బొగ్గు ఆ కోవలోదే.

బండను గీకినప్పుడు గీత పడటం ఒక ఎత్తు, రాలిన పొడి ఇంకో ఎత్తు. హిమానీనదం పెద్ద తిరగలి లాంటిది. కింద రాయి, పైన వందల మీటర్ల మంచు బరువు, మధ్యలో నలిగి నలిగి గోధుమ పిండి కన్నా మెత్తగా దిగే రాతి పిండి. కరిగిన నీటితో ఆ పిండి బయటికొస్తే వాగు మజ్జిగ రంగుకు తిరుగుతుంది. పాత రాయి కన్నా ఇప్పుడే పగిలిన రాయి తేలిగ్గా కరుగుతుంది. దానిలోని ఇనుము, సిలికా, భాస్వరం నీళ్ళకు అందుతాయి. సముద్రంలో కంటికి కనపడని మొక్కలు, అంటే వృక్ష ప్లవకాలు, బతకడానికి కావలసినవి ఇవే, నత్రజనితో పాటు. వాటిలో డయాటమ్‌లు అనే జాతి సిలికాతో గాజు పెంకులు కట్టుకుంటుంది. సముద్రంలో మేత మొదలయ్యేది ఈ ప్లవకాలతోనే.

గోదావరి ఈ పని మంచు లేకుండానే చేస్తుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట లావా పొరలు పొరలుగా గడ్డకట్టిన దక్కన్ నల్లరాయిని ఎండా వానా కలిసి నానబెట్టి, పగలగొట్టి, రేగడి చేసి నదిలో కలుపుతాయి. ఇంద్రావతి, శబరి బస్తరు ఎర్రమట్టిని మోసుకొస్తాయి. అక్కడ తిరగలి, ఇక్కడ నానబోసి రుబ్బే రోలు. పిండి మాత్రం ఇద్దరిదీ సముద్రానికే.

మా అమ్మమ్మగారిది గోదావరి పాయ వశిష్ఠ పక్కన లంక ఊరు. ఆషాఢంలో కొత్త నీరు దిగగానే బిందెలో నీళ్ళు ఇటిక రంగులో ఉండేవి. ఆవిడ చిల్లగింజను రాతి మీద నాలుగుసార్లు అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపి మూత పెట్టేది. తెల్లారేసరికి పైన అద్దంలాంటి నీరు, అడుగున వేలు మందాన చల్లని ఒండ్రు. పై నీళ్ళు తేర్చుకున్నాక ఆ అడుగు బురదను పారబోసేది కాదు, కరివేపాకు మొదట్లో పోసేది. అదేం లెక్కో అప్పుడు నాకు తెలీదు. నీళ్ళలో మట్టి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. చిల్లగింజ జిగురు వాటిని గుత్తులుగా కలిపేస్తే బరువెక్కి కూలబడతాయి.

యానాం దిగువన ఇంకో పాయ గౌతమి ఉప్పునీటిని తాకే చోట సముద్రం చేసేదీ అచ్చంగా ఇదే. ఉప్పు తగలగానే రేణువులు గుత్తులు కడతాయి, నదిలో కరిగి వచ్చిన ఇనుములో చాలా భాగం వాటికి అంటుకుని అక్కడే దిగిపోతుంది. గ్రీన్‌లాండ్ సముద్రపు పాయల్లోనూ ఇంతే. అందుకే హిమానీనదం ఇన్ని టన్నుల ఇనుము వదిలిందంటే అంతా నడిసముద్రానికి చేరిందని కాదు. ఎంత దాటింది, ఎంత గుమ్మంలోనే ఆగింది అన్న దాని మీదే శాస్త్రవేత్తల తగువంతా. గుమ్మంలో ఆగింది మాత్రం చెడిపోదు. కోరంగి మడ అడవి నిలబడ్డది ఆ బురద మీదే.

ఇక 20 వేల ఏళ్ళ కిందటికి రావాలి. కెనడా, ఉత్తర ఐరోపా నేల మీద కిలోమీటర్ల మందాన మంచు దుప్పటి పరుచుకుని ఉంది. ఆ మంచంతా సముద్రం నుంచి తీసిన నీరే. ప్రపంచ సముద్ర మట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి దిగిపోయింది. కాకినాడ రేవు ఉన్న చోట అప్పుడు నిలబడి చూస్తే తూర్పున అలలు కావు, మైదానం. కోనసీమ లేదు, డెల్టా అన్న మాటే లేదు. గోదావరి ఆ మైదానాన్ని లోతుగా కోసుకుంటూ పోయి ఖండపు అంచున ముఖం పెట్టింది. మన తీరంలో ఆ అంచు దగ్గరే కాబట్టి నది తెచ్చిన మట్టి ఎక్కడా ఆగకుండా వాలు మీంచి లోతుల్లోకి జారింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1950ల తొలినాళ్ళలో వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, తరువాత 1964లో మన తీరపు వాలులో లోయలను వర్ణిస్తూ ఒకదాన్ని ఆంధ్ర అనీ, ఇంకోదాన్ని మహదేవన్ అనీ పిలిచాడు. నీళ్ళ కింద ఆంధ్ర పేరుతో ఒక లోయ ఉందని ఎంతమందికి తెలుసో!

ఆ చలి రోజుల్లో రుతుపవనాలూ నీరసించాయి. నదుల నీరు తగ్గి బంగాళాఖాతం పైపొర ఇప్పటికన్నా ఉప్పగా ఉండేది. తరువాత మంచు కరిగింది. కడలి పొంగుతూ వచ్చి, సుమారు 7 వేల ఏళ్ళ కిందట ఆ పొంగు నెమ్మదించింది. అప్పటికి నీరు కొల్లేరు దాటి లోపలికి వచ్చేసింది. అక్కడి నుంచి పందెం తిరగబడింది. సముద్రం ఆగింది, నది ఆగలేదు. ఏటేటా మేట వేస్తూ, ఒక్కో ఇసుక దిబ్బను ఒడ్డుగా కట్టుకుంటూ ముందుకు జరిగింది. ఆ పాత ఒడ్ల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం ఎన్నో ఏళ్ళు పనిచేసింది. మన కళ్ళకు కూడా అవి కనిపిస్తాయి. కోనసీమలో దిబ్బ మీద ఊరు, కొబ్బరి తోట, రోడ్డు ఉంటాయి. పక్కనే పల్లంలో వరి చేను ఉంటుంది, మళ్ళీ దిబ్బ, మళ్ళీ పల్లం. ఒక్కో దిబ్బ ఒక కాలపు సముద్ర తీరం. కెనడా మంచు కరగడం ఆగాకే అమలాపురానికి కాళ్ళ కింద నేల దొరికింది.

2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న గ్యాసు కోసం, జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ గోదావరి ముఖానికెదురుగా లోతు నీళ్ళలో బురద స్తంభాలు తీసింది. అనుకున్న పని గ్యాసుది. కానీ ఆ బురదలో వేల ఏళ్ళ నది డైరీ ఉంది. లివియు జియోసాన్ బృందం దాన్ని చదివి, సుమారు 4 వేల ఏళ్ళ కిందట వానలు సన్నగిల్లి, దక్కన్‌లో అడవి తగ్గి, సేద్యం పెరిగేకొద్దీ నది తెచ్చే మట్టి పెరిగిందని తేల్చింది. అంటే డెల్టా కట్టడంలో నాగలికీ కూలి ముట్టింది.

ఇదంతా పైనుంచి వచ్చే పాలు. అడుగు నుంచి వచ్చేది ఇంకొకటుంది. అంటార్కిటికా అంచున సముద్రం గడ్డకట్టేటప్పుడు మంచు ఉప్పును తనలో ఉంచుకోదు, కింది నీటికి వదిలేస్తుంది. ఆ నీరు చల్లగా, బరువుగా మారి అడుగుకు జారి, ఉత్తరంగా పాకుతుంది. శతాబ్దాలు పడుతుంది ఆ నడక. దారి పొడుగునా పైనుంచి రాలే చచ్చిన ప్లవకాలు అందులో కుళ్ళి, నత్రజనీ భాస్వరం సిలికా పోగవుతాయి. ఉత్తరాన దారి మూసుకుపోయిన బంగాళాఖాతం అడుగున నిలబడి ఉన్నది ఆ దక్షిణ ధ్రువపు నీరే. దక్షిణ సముద్రం నుంచి బయల్దేరే పోషకాలే ఉత్తరాన మిగతా సముద్రాల్లో మేతకు ప్రధాన ఆధారమని 2004లో సముద్ర శాస్త్రవేత్త సార్మియెంటో బృందం లెక్కగట్టింది.

అయితే అరేబియా సముద్రంలో గాలి కింది నీటిని బలంగా పైకి తోడుతుంది, మన వైపు అంతగా తోడలేదు. కారణం మన నదులే. గంగా బ్రహ్మపుత్రలు, ఐరావతి, గోదావరి, కృష్ణ పోసే తియ్యని నీరు తేలికై, పైన మూతలా పడి ఉంటుంది. కింద భోజనం ఉంది, మూత తీయడానికి గాలి చాలదు. విశాఖ తీరంలో కింది నీరు పైకొచ్చే సందర్భాలను లాఫాండ్ గుర్తించాడు. అవి తీరం వెంబడి ముచ్చట్లు, నడి ఖాతానిది వేరే కథ. తుఫాను వచ్చి కలియదిప్పితే తప్ప అక్కడ విందు లేదు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మేత తక్కువగా పండే ఈ ఖాతం అడుగుకు దించే కర్బనం మాత్రం తక్కువేం కాదు. 1991లో సముద్ర శాస్త్రవేత్త వేణుగోపాలన్ ఇట్టెక్కోట్ ఈ చిక్కు విప్పాడు. వానాకాలంలో నదులు తెచ్చే మన్ను రేణువులు చచ్చిన ప్లవకాలకు అంటుకుని, రాయి కట్టినట్టు వాటిని గబగబా లోతుకు లాక్కుపోతాయి. మళ్ళీ చిల్లగింజ బిందే. హిమాలయ హిమానీనదాల తిరగలి పొడి గంగా బ్రహ్మపుత్రల్లో దిగి, ఏటా సుమారు వంద కోట్ల టన్నుల మట్టిలో కలిసి వస్తుంది. గోదావరి రేగడి ఇటు నుంచి వస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువులో కొంత ఈ రెండు మట్టుల బరువుతోనే అడుగుకు చేరుతోంది.

మన్ను సముద్రానికి ఎరువవుతుందన్న ఆలోచనను బరిలోకి దించింది అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్. దక్షిణ సముద్రంలో నత్రజని ఉండీ మేత ఎందుకు మొలవదంటే ఇనుము లేక అన్నాడు. మంచు యుగాల్లో ఎడారి దుమ్ము ఆ ఇనుము చల్లి సముద్రాన్ని పచ్చబరిచి, గాలిలో బొగ్గుపులుసును తగ్గించిందని 1990లో రాశాడు. ఇనుము చల్లే తొలి ప్రయోగం 1993లో జరిగింది, ఆ ఏడాదే ఆయన పోయాడు. 2009లో మనవాళ్ళూ చేతులు పెట్టారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి పోలార్‌స్టెర్న్ ఓడలో దక్షిణ అట్లాంటిక్‌కు పోయి ఒక సుడిలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపాయి. ప్రయోగం పేరు లోహాఫెక్స్. మన లోహమే. ప్లవకాలు మొలిచాయి, కానీ డయాటమ్‌లు కావు, గాజు పెంకుకు కావలసిన సిలికా ఆ నీళ్ళలో కరువు. మొలిచినదాన్ని చిన్న చిన్న రొయ్యజాతి జీవులు మేసేశాయి, అడుగుకు చేరింది స్వల్పం. వంటలో ఉప్పు ఒక్కటే వేసి కూర కాలేదేమని అడిగినట్టయింది. నా మటుకు నాకు ఈ వైఫల్యం చాలా విజయాల కన్నా విలువైనదనిపిస్తుంది. ఇనుమూ సిలికా కలిపి పంపే పద్ధతి నదికీ హిమానీనదానికీ తెలుసు, మనకే తెలీదు.

ఈ లోగా మనకు గంగోత్రి కూడా దొరికింది. 1981లో సముద్ర శాస్త్రవేత్త ఖాసిం నాయకత్వంలో బయల్దేరిన తొలి భారత బృందం తరువాత, 1983-84లో అంటార్కిటికా మంచు మీద కట్టిన స్థావరానికి దక్షిణ గంగోత్రి అని పేరు పెట్టారు. దక్షిణ గంగకు లేని గంగోత్రి అక్కడ వెలిసింది! కొన్నేళ్ళకే మంచు దాన్ని కప్పేసింది. ఇవాళ పని మైత్రి, భారతి స్థావరాల్లో నడుస్తోంది. ఉత్తర ధ్రువం వైపు స్వాల్‌బార్డ్‌లో 2008లో హిమాద్రి తెరిచారు. 2014లో అక్కడి కోంగ్స్ ఫియోర్డ్ అనే సముద్రపు పాయ నీళ్ళలో ఇండార్క్ అనే పరికరాల గొలుసు దించారు.

ఆ ఫియోర్డ్‌లో చూడవలసిన వేడుక ఒకటుంది. హిమానీనదం సముద్రంలోనే ముగిసే చోట, కరిగిన తియ్యని నీరు మంచు అడుగు నుంచి లోతులో బయటపడుతుంది. తేలిక కాబట్టి బుగ్గలా పైకి లేస్తుంది. లేస్తూ లోతులోని నత్రజని నిండిన ఉప్పునీటిని కూడా లాక్కొస్తుంది. ఆ మట్టి రంగు బుగ్గ దగ్గర సముద్ర పక్షులు గుంపులుగా వాలతాయి. గ్రీన్‌లాండ్‌లోనూ ఇలాంటి చోట్లే చేపల వేట బాగుంటుంది. అదే హిమానీనదం కరిగి కరిగి ఒడ్డు మీదికి వెనక్కి పోతే కథ తిరగబడుతుంది. నీరు పైనుంచే వచ్చి పైనే పరుచుకుంటుంది, మట్టి వెలుతురుకు అడ్డం పడుతుంది, కింది పోషకం కిందే ఉండిపోతుంది. అంటే అచ్చం మన బంగాళాఖాతం! చలి దేశపు ఫియోర్డ్‌లు ఒక్కొక్కటే మన ఖాతం వేషం వేసుకోబోతున్నాయి.

విడిపోయి తేలే మంచు కొండలు కూడా ఊరికే పోవు. అంటార్కిటికా దగ్గరి వెడెల్ సముద్రంలో రెండు మంచు కొండల చుట్టూ కొలిచి 2007లో ఆ ఫలితాలు ప్రకటించిన కెన్ స్మిత్ బృందానికి, కొన్ని కిలోమీటర్ల మేర ప్లవకాలూ పక్షులూ దట్టంగా కనిపించాయి. కరుగుతూ మట్టి రాలుస్తూ పోయే సంచార అన్నదాన సత్రాలవి.

తిరిగి ధవళేశ్వరం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టతో ఆర్థర్ కాటన్ నదిని కాలవల్లోకి తిప్పాడు. 1833 డొక్కల కరువు ఇంకా జనం నోళ్ళలో నలుగుతున్న రోజులు. కాబట్టి ఆయన మేలు కాదనేవాళ్ళు మన జిల్లాల్లో పుట్టరు, విగ్రహాలే సాక్ష్యం. ఆనకట్ట వరద మట్టిని పూర్తిగా ఆపలేదు, పైగా కొంత పొలాలకు పంచింది. దెబ్బ తగిలింది తరువాత, ఎగువన. జాయక్వాడీ, శ్రీరాంసాగర్, ఉపనదుల మీద చిన్నా పెద్దా జలాశయాలు. నిలవ నీటిలో మట్టి దిగిపోతుంది. అక్కడే మొలిచే డయాటమ్‌లు సిలికాను కూడా మింగి అడుగుకు దిగుతాయి. నాగేశ్వరరావు బృందం లెక్క ప్రకారం గోదావరి తేలియాడే మట్టి 1970లలో ఏడాదికి 15 కోట్ల టన్నులు, 2000 తరువాత 5.7 కోట్ల టన్నులు. కృష్ణ గతి ఇంకా అన్యాయం. 1965 నుంచి 2008 దాకా రెండు డెల్టాల తీరంలో కలిపి 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం నమిలింది. అంతర్వేది, ఉప్పాడ వాళ్ళకు ఈ లెక్క కాగితాల్లో చూడనక్కర్లేదు, వీధి చివర కనపడుతుంది.

ఆపైన ఇంకో మెలిక. అంటార్కిటికా మంచు దుప్పటి తనకున్న బరువు వల్ల చుట్టుపక్కల సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంచుతుంది. అది కరిగితే ఆ లాగుడు సడలి, దగ్గరి తీరాల్లో మట్టం తగ్గుతుంది, దూరపు తీరాల్లో సగటు కన్నా ఎక్కువ పెరుగుతుంది. ఉప్పాడ దూరపు తీరం. 7 వేల ఏళ్ళ కిందట మంచు ఆగడం వల్ల కట్టిన నేల మీదికి ఇప్పుడు మంచు కదలడం వల్ల నీరు రాబోతోంది, నదికి మేట వేసే ఓపిక తగ్గిన వేళ.

సిలికా తగ్గినంత మాత్రాన నది పలచన కాలేదు, రుచి మారింది. వరి చేలలోని యూరియా, రొయ్యల చెరువుల మురుగు కలిసి నత్రజని వస్తోంది. డయాటమ్‌లకు గాజు తగ్గి, మిగతా నాచుకు ఎరువు పెరుగుతోంది. బంగాళాఖాతం మధ్య లోతుల్లో ప్రాణవాయువు దాదాపు లేదు. పూర్తిగా లేకపోతే అక్కడి నత్రజని గాలిలో కలిసిపోతుంది. 2017లో కొలిచినవారు ఇంకా లేశమాత్రం మిగిలి ఉందన్నారు, ఆ లేశమే కాపాడుతోందనీ అన్నారు. 'పాలు' ఎక్కువైనా విరుగుతాయి, తక్కువైనా దూడ ఏడుస్తుంది.

గౌతమి నదీముఖంలో విశాఖ సముద్ర శాస్త్రవేత్తలు, వి.వి.ఎస్.ఎస్. శర్మ ప్రభృతులు, చూసినదేమంటే వరద ఉధృతంగా ఉన్నప్పుడు అక్కడ మేత మొలవదు. చీకటి బురద, నిలవని నీరు. వరద తగ్గి, మట్టి కాస్త దిగి, వెలుతురు పడ్డాక ప్లవకాలు విరగబడి పెరుగుతాయి. వేట నిషేధం జూన్ 14తో ముగిసి పడవలు దిగే రోజులకూ, కొత్త నీటికీ, ఈ మేతకూ ఉన్న ముడి జాలరులకు పుస్తకాలు చెప్పలేదు. మట్టి నీరూ నీలం నీరూ గీత గీసినట్టు విడివడే చోటు వాళ్ళకు తెలుసు.

అదే రోజుల్లో సముద్రంలో విలసగా తిరిగిన చేప, ప్లవకాలు మేసి కొవ్వు పట్టి, ఎర్రనీటి వాసనకు యానాం దగ్గర గోదావరిలోకి ఎదురెక్కుతుంది. నదిలో అడుగుపెట్టాక అది పులస. పుస్తెలమ్మినా సరే తినాలన్న సామెత సంగతి తెలిసిందే. పోయిన శ్రావణంలో యానాం గట్టు మీద వేలం చూశాను. అరటాకు మీద పెట్టిన రెండు పులసలు, పొలుసుల మీద ఇంకా ఎర్ర బురద. పాట వేలల్లోకి పోతుంటే అమ్మే ఆవిడ ఆ బురదను తుడవనివ్వలేదు. "కడిగితే సముద్రం చేపనుకుంటారయ్యా" అంది.

ఆ చేప ధవళేశ్వరం దాకే పోగలదు. గేట్ల దగ్గర నీటి మీద ముక్కు పెట్టి ఆగిపోతుంది. పక్కనే వరద మట్టం కొలిచే రాతి మీద అంకెలు చూసి విలేఖరి ఒకాయన ఫోన్‌లో చెబుతున్నాడు, ఇవాళ ఎంత సముద్రం పాలైందో.